తలుపు దగ్గర ప్రశ్న అడగని కూడికలు

అమెరికాలో పుట్టిన మోర్మన్ మతశాఖ దేవాలయంలో అడుగు పెట్టాలంటే జేబులో ఒక చిన్న కార్డు ఉండాలి. దాన్ని టెంపుల్ రికమెండ్ అంటారు. అది చేతికి రావాలంటే ముందు తన వార్డు (స్థానిక సంఘం) బిషప్ గదిలో, తర్వాత కొన్ని వార్డులు కలిసిన స్టేక్ పెద్దల ముందు కూర్చుని వరసగా కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. దేవుడి మీద విశ్వాసం ఉందా? మూలపురుషుడు జోసెఫ్ స్మిత్ ద్వారా అసలైన సంఘం మళ్లీ నిలబడిందని సాక్ష్యం ఉందా? చర్చిని నడిపే ఇప్పటి ప్రవక్తను ప్రవక్తగా ఒప్పుకుంటున్నారా? దశమభాగం పూర్తిగా ఇస్తున్నారా? కాఫీ, టీ, మద్యం, పొగాకు ముట్టకుండా ఉన్నారా? అన్నిటికీ తగిన జవాబు వస్తే రెండేళ్లకు కార్డు ఇస్తారు. గడువు తీరాక మళ్లీ అదే గది, అవే ప్రశ్నలు.

ఆ కార్డు విలువ ఏమిటో పెళ్లి రోజున తెలుస్తుంది. దేవాలయంలో జరిగే పెళ్లిని సీలింగ్ అంటారు. చావు కూడా ఆ ముడిని విప్పలేదని వాళ్ల నమ్మకం. కార్డు లేనివాళ్లు, కన్న తల్లిదండ్రులైనా సరే, లోపలికి వెళ్లి ఆ పెళ్లి చూడలేరు. అమెరికాలో 2019 మే దాకా మరో నియమం కూడా ఉండేది. ముందు బయట పెళ్లి చేసుకున్న జంట సీలింగ్ కోసం ఏడాది ఆగాలి. ఆగడమంటే ఆ జంటలో ఏదో లోపం ఉందని ఊరంతా అనుకోవడమే. అందుకే బయటి పెళ్లి జోలికి పోకుండా నేరుగా దేవాలయానికే వెళ్లేవారు. విశ్వాసం పోయిన తండ్రి సూటూ బూటూ వేసుకుని ముస్తాబై వచ్చి, కూతురి పెళ్లి జరుగుతున్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చునేవాడు. కాళ్లు కడిగి కన్యాదానం చేయాల్సిన తండ్రిని కల్యాణ మండపం గేటు దగ్గరే ఆపేస్తే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి సమాజంలోనే ఏటా జులై ఆఖరుకో ఆగస్టు మొదటికో సాల్ట్ లేక్ సిటీ ప్రాంతంలో ఒక సభ జరుగుతూ వచ్చింది. పేరు సన్‌స్టోన్ సింపోజియం. టికెట్టు కొన్నవాళ్లకు తలుపు దగ్గర పేరు రాసిన బిళ్ల ఒకటి ఇస్తారు. నమ్ముతున్నావా, మానేశావా, వెలివేతకు గురయ్యావా అని ఎవరూ అడగరు. వార్డులో పాఠాలు చెప్పే ఆవిడ, ఇరవై ఏళ్ల కిందట సభ్యత్వం వదులుకున్న ఆమె తమ్ముడు ఒకే వరసలో కూర్చోవచ్చు. బహుభార్యత్వాన్ని ఇప్పటికీ పాటించే ఫండమెంటలిస్టు కుటుంబాలవాళ్లు, జోసెఫ్ స్మిత్‌నే మూలపురుషుడిగా తలుస్తూ 1985 నుంచి స్త్రీలకు యాజకత్వం ఇస్తున్న కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్‌వాళ్లు కూడా వస్తారు. 1844లో స్మిత్ హత్య తర్వాత చీలిపోయిన శాఖలన్నీ మళ్లీ ఒక చూరు కింద కనిపించే చోట్లు చాలా అరుదు.

ఈ కూడికలను బయటివాళ్లు తరచూ విశ్వాసులకూ నాస్తికులకూ మధ్య జరిగే వాదులాటగా అనుకుంటారు. చర్చి పెద్దలు చాలాకాలం పాటు వాటిని తిరుగుబాటుకు తొలిమెట్టుగా చూశారు. అక్కడ జరిగేదాన్ని దగ్గరగా గమనిస్తే ఈ రెండూ పొరపాటు అంచనాలే అనిపిస్తుంది. మోర్మనిజం ఒక మతమే కాదు, ఒక జనం కూడా. 1847లో బ్రిగమ్ యంగ్ వెంట బళ్ల మీద, తర్వాతి ఏళ్లలో చేతిబళ్లు లాక్కుంటూ మైదానాలు దాటి వచ్చిన ముత్తాతల కథలు, ఆ కథల్లోంచి పుట్టిన పాటలు, వంటలు, పిలుపులు, సిగ్గులు వీళ్లందరి ఉమ్మడి ఆస్తి. నమ్మకం ఒక్క రాత్రిలో పోవచ్చు. జనం మాత్రం అలా పోరు. ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఇంట్లో భోజనానికి వాళ్లే ఎదురుగా కూర్చుంటారు. నమ్మకం విషయంలో విడిపోయినవాళ్లు మళ్లీ ఒకచోట కూర్చోవడం నేర్చుకోవడానికే ఈ కూడికలు పనికొచ్చాయి.

ఈ పద్ధతి ఒక్కసారిగా పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నాళ్లకే యూనివర్సిటీ ఆఫ్ యూటాలో కొందరు అధ్యాపకులు ఒక గుంపుగా చేరి మత విషయాలను మొహమాటం లేకుండా చర్చించేవారు. వాళ్లలో ముఖ్యుడైన తత్వశాస్త్ర ఆచార్యుడు స్టెర్లింగ్ మెక్‌మరిన్‌ను వెలివేయాలని కొందరు నాయకులు పట్టుబట్టారు. అప్పటి ప్రవక్త డేవిడ్ మెకే ఆ సంగతి విని, విచారణే జరిగితే నీ తరఫున మొదటి సాక్షిగా నేనే వస్తానని ఆయనకు మాట ఇచ్చాడని ప్రసిద్ధి. విచారణ జరగలేదు. 1966లో స్టాన్‌ఫర్డ్ దగ్గర యూజీన్ ఇంగ్లండ్, వెస్లీ జాన్సన్ మొదలైనవాళ్లు ‘డైలాగ్’ పత్రిక మొదలుపెట్టారు. 1974లో బోస్టన్ పరిసరాల్లోని మోర్మన్ స్త్రీలు, పంతొమ్మిదో శతాబ్దపు తమ అవ్వలు నడిపిన పత్రిక పేరునే మళ్లీ తీసుకుని ‘ఎక్స్‌పోనెంట్ టూ’ స్థాపించారు. కొన్నేళ్లకు ఆ పత్రిక చుట్టూ స్త్రీల వారాంతపు విడిది కూడా ఏర్పడింది. చర్చిలో స్వలింగ ప్రియుల కోసం ‘అఫర్మేషన్’ 1977లో వచ్చింది.

సన్‌స్టోన్ పత్రికను కొందరు యువ విద్యార్థులు 1974లో తలపెట్టారు. మొదటి సంచిక 1975లో వచ్చింది. ఆ పేరు వెనక ఒక రాయి ఉంది. ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో 1840లలో కట్టిన దేవాలయం స్తంభాల పైభాగాన సూర్యుడి ముఖం చెక్కిన రాళ్లుండేవి. సూర్యుడు మబ్బుల మీంచి లేస్తుంటాడు. అతని నెత్తిన రెండు చేతులు బాకాలు పట్టుకుని ఉంటాయి. మోర్మన్లను ఆ ఊరి నుంచి తరిమేశాక, 1848లో ఆ దేవాలయం తగలబడింది. మిగిలిన కొద్ది రాళ్లలో ఒకటి ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. గుడి పోయినా రాయి మిగిలింది. సభ పెట్టినవాళ్లు ఈ అర్థం మనసులో పెట్టుకున్నారో లేదో గానీ, అక్కడికి వచ్చే చాలామంది పరిస్థితికి ఆ పేరు అచ్చంగా సరిపోయింది.

మొదటి సింపోజియం 1979లో జరిగింది. అప్పట్లో దాని పేరులో ‘థియలాజికల్’ అనే మాట ఉండేది. కాలక్రమంలో అది జారిపోయింది. దైవశాస్త్రం చర్చించడానికి వచ్చినవాళ్లు అమ్మ గురించి, పెళ్లి గురించి, మిషన్‌కు, అంటే మత ప్రచారానికి, వెళ్లిన కొడుకు గురించి మాట్లాడుతున్నప్పుడు పేరు మారక తప్పదు.

సభ నడిచే తీరు చెప్పుకోదగ్గది. ఒకరు పత్రం చదువుతారు. ఆ వెంటనే, ముందుగానే ఆ పత్రం చదివి సిద్ధమైన మరొకరు స్పందిస్తారు. ఆ స్పందించే మనిషి తరచూ అవతలి గట్టువాడై ఉంటాడు. తర్వాత హాలు మధ్యలో నిలబెట్టిన మైకు దగ్గర వరస కడతారు. మోర్మన్ ఆదివార కూడికలో నెలకోసారి, మొదటి ఆదివారం, ఉపవాసం ఉండి లేచి సాక్ష్యం చెప్పే ఆనవాయితీ ఉంది. ఎవరైనా వెళ్లి మైకు ముందు నిలబడవచ్చు. అయితే అక్కడ వినిపించే మాట మొదలు ముందే తెలిసిపోయి ఉంటుంది: ఈ సంఘం నిజమైనదని నాకు తెలుసు. ‘నమ్ముతున్నాను’ అనరు, ‘తెలుసు’ అంటారు. మూడేళ్ల పిల్ల చెవిలో తల్లి గుసగుసగా ఆ వాక్యాన్ని చెప్పి పలికిస్తుంది. సింపోజియం మైకు దగ్గర ఆ మనుషులే, గొంతులో ఆ వణుకే, మాటల మధ్య ఆ ఆగడమే. మాటే వేరు. ‘నాకు తెలియదు’ అని పదిమందిలో అనడానికి అరవై ఏళ్ల మనిషి మొదటిసారి నోరు విప్పే చోటు అది. సాక్ష్యం చెప్పే పద్ధతిని వాళ్లు వదులుకోలేదు, సాక్ష్యంలో ఇమిడే నిజాన్ని పెంచుకున్నారు.

అందుకే అక్కడ ఎక్కువ మంది కదిలిపోయేది వాదనలు సాగే గదుల్లో కాదు. తమ విశ్వాసానికి ఆధారస్తంభాలేమిటో, ఎందుకు ఇంకా చర్చిలోనే ఉన్నామో కొందరు నిలబడి చెప్పే గదులు ఏళ్లుగా నడుస్తున్నాయి. బయటికి వెళ్లిపోయినవాళ్లు కూడా వెళ్లి వాటిలో కూర్చుంటారు. ఎగతాళి చేయడానికి మాత్రం కాదు. తాము పోగొట్టుకున్నదాని గురించి, పోగొట్టుకోనివాళ్ల నోట వినడానికి.

వీళ్ల మధ్య తిరిగే ఒక మాట తెలుసుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఆ మాట షెల్ఫ్. జవాబు దొరకని ప్రశ్నను ప్రస్తుతానికి షెల్ఫ్ మీద పెట్టమని చిన్నప్పటి నుంచి చెబుతారు. ప్రవక్త స్పెన్సర్ కింబాల్ భార్య కమిలా కింబాల్ ఆ సలహా ఇచ్చిందని ప్రచారం. మన అటకలాంటిదే. తేడా ఏమిటంటే, మనం అటకెక్కించిన సంగతిని మరిచిపోతాం. వాళ్ల షెల్ఫ్ మీదికి చేరినవి బరువెక్కుతూ పోతాయి. నల్లజాతివాళ్లకు యాజకత్వం 1978 జూన్ దాకా ఎందుకు ఇవ్వలేదు? జోసెఫ్ స్మిత్‌కు ముప్ఫై నుంచి నలభై మంది దాకా భార్యలు ఉండి ఉండవచ్చని 2014లో చర్చే ఒప్పుకున్నప్పుడు, అంతకుముందు ఆదివారం బడిలో ఒక్క ఎమ్మా పేరే ఎందుకు చెప్పారు? అబ్రాహాము స్వయంగా రాశాడని జోసెఫ్ స్మిత్ చెప్పిన పపైరస్ ముక్కలు 1967లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం నుంచి చర్చికి తిరిగి వస్తే, ఈజిప్టు లిపి తెలిసినవాళ్లు అవి మామూలు అంత్యక్రియల రాతలని తేల్చారే, మరి దాని సంగతేమిటి? ఏదో ఒక రోజు షెల్ఫ్ కూలిపోయింది అంటారు. ఆ రెండు మాటలు అనగానే ఎదుటివాళ్లు తల ఊపుతారు. ఎప్పుడు, దేనితో అని మాత్రం అడుగుతారు.

షెల్ఫ్ కూలినవాళ్లందరూ బయటికి పోరు. 1967లో రిచర్డ్ పోల్ అనే చరిత్రకారుడు కాలిఫోర్నియాలోని ఒక వార్డులో ఒక ప్రసంగం చేశాడు. వాళ్ల పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథంలోని రెండు వస్తువులను తీసుకుని సభ్యులను రెండు రకాలుగా చెప్పాడు. జీవవృక్షం దాకా మనిషిని నడిపించే ఇనుప కమ్మీని పట్టుకున్నవాళ్లకు ప్రతి అడుగుకూ చేతికింద ఆధారం ఉంటుంది. లియహోనా అనే దిక్సూచిని నమ్ముకున్నవాళ్లకు దిక్కు తెలుస్తుంది, దారి మాత్రం తామే వెతుక్కోవాలి. ఇద్దరూ మంచి మోర్మన్లేనని పోల్ వాదన. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ కూడికల్లో కొత్తగా పరిచయమైన మనిషి ఏ రకమో ఈ పోలికతో చెప్పుకుంటారు. అది ఇంతకాలం నిలవడానికి కారణం ఉంది. తెగిపోకుండా వేరుగా ఉండటానికి వాళ్ల సొంత గ్రంథంలోంచే అది ఒక భాషను ఇచ్చింది.

ఆ భాష చర్చి పెద్దలకు అనుమానం కలిగించింది. 1989 ఏప్రిల్‌లో అపొస్తలుడు డాలిన్ ఓక్స్ ప్రత్యామ్నాయ గొంతుల గురించి సర్వసభలో హెచ్చరించాడు. 1991 ఆగస్టులో, ఆ ఏటి సింపోజియం ముగిసిన కొద్ది రోజులకు, చర్చి అత్యున్నత నాయకత్వమైన ప్రథమ అధ్యక్షత్వం, పన్నెండుగురు అపొస్తలులు కలిసి ఒక ప్రకటన ఇచ్చారు. పవిత్ర విషయాలు బహిరంగంగా చర్చించే సింపోజియంల పట్ల అందులో ఆందోళన వెలిబుచ్చారు. సన్‌స్టోన్ పేరు రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు. చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ అధ్యాపకులు వెనక్కి తగ్గారు. మరుసటి ఏటి సింపోజియంలో లవీనా ఫీల్డింగ్ ఆండర్సన్ అనే సంపాదకురాలు, సభ్యుల మాటలనూ రాతలనూ సేకరించి పైళ్లు కడుతున్న ఒక అంతరంగిక కమిటీ ప్రస్తావన తెచ్చింది. అలాంటి కమిటీ ఉన్నట్టు చర్చి ఆ నెలలోనే ఒప్పుకుంది.

1993 సెప్టెంబరులో ఆరుగురి మీద వేటు పడింది. ఐదుగురిని వెలివేశారు, లిన్ వైట్‌సైడ్స్ హక్కులను పరిమితం చేశారు. ఆ ఐదుగురిలో లవీనా ఒకరు, చరిత్రకారుడు మైకేల్ క్విన్ మరొకరు. బహుభార్యత్వం, దాన్ని ఆపేస్తున్నామన్న 1890 ప్రకటన తర్వాత కూడా, పెద్దల ఆమోదంతోనే కొన్నేళ్లు సాగిందని పత్రాలతో నిరూపించినవాడు క్విన్. వెలివేత తర్వాత కూడా జోసెఫ్ స్మిత్ ప్రవక్తేనని 2021లో చనిపోయేదాకా నమ్మాడు. నమ్మకం లేకపోయినా నోరు మెదపనివాళ్లు లోపల, నమ్మినా నిజం రాసినవాళ్లు బయట. ఆ సెప్టెంబరు తర్వాత ‘లోపల’, ‘బయట’ అనే మాటలకు విశ్వాసంతో పెద్దగా సంబంధం లేకుండా పోయిందని చెప్పడానికి క్విన్ ఒక్కడు చాలు. మాట్లాడటాన్నే నేరం చేస్తే, మాట్లాడే చోటు పవిత్రమవుతుంది. చర్చి వేసిన ఆ వేటే సింపోజియానికి అంతకుముందు లేని బరువును తెచ్చిపెట్టింది.

ఇంటర్నెట్ వచ్చాక పరిస్థితి మారింది. అంతకుముందు సింపోజియం ప్రసంగాల క్యాసెట్లు తెప్పించుకుని, భార్యకో భర్తకో తెలియకుండా కారులో వినేవాళ్లుండేవారు. ఇప్పుడు ప్రశ్నలు ఫోన్లోనే దొరుకుతాయి. ప్యూ రీసెర్చ్ అనే అమెరికా సంస్థ సర్వేల ప్రకారం మోర్మన్ ఇంట్లో పుట్టి పెరిగి పెద్దయ్యాక కూడా మోర్మన్లుగా మిగిలినవాళ్లు 2007లో వందకు 70 మంది ఉంటే 2014 నాటికి 64 మందే. 2015 నవంబరులో స్వలింగ జంటలను విశ్వాసభ్రష్టులుగా పరిగణించి, వాళ్ల పిల్లలకు బాప్తిస్మం ఆపిన విధానం వచ్చినప్పుడు సాల్ట్ లేక్‌లో జనం గుంపుగా చేరి రాజీనామా కాగితాలు రాశారు. 2019 ఏప్రిల్‌లో ఆ విధానాన్ని వెనక్కి తీసుకున్నారు. వెళ్లిపోయినవాళ్లు మాత్రం తిరిగి రాలేదు. పూర్తిగా బయటికి వచ్చినవాళ్లకు వేరే సభలు, నిష్ఠగల విశ్వాసులకు వేరే సభలు పుట్టాయి. సమాచారం కోసం ఇప్పుడు ఎవరూ సింపోజియానికి రానక్కర్లేదు. అయినా వస్తారు, పక్క కుర్చీలో మనిషి కావాలి కనుక.

అక్కడి కారిడార్‌లో కాఫీ కప్పు కథ వేరుగా చెప్పుకోవాలి. ‘కాఫీ తాగి వెళ్లండి’ అనేది తెలుగింట్లో మర్యాద. మోర్మన్ ఇంట్లో అదే కాఫీ వాసన ఒక తెగతెంపులు. 1833 నాటి ‘జ్ఞానవాక్యం’ నిషేధించిన ‘వేడి పానీయాలు’ అంటే కాఫీ, టీ అని వాళ్లు అర్థం చెప్పుకున్నారు. చర్చి వదిలినవాళ్లలో చాలామందికి మొదటి కాఫీ తాగిన రోజు పుట్టినరోజులా గుర్తుంటుంది. చేదుగా ఉందనీ, ఏం అడగాలో తెలియక కౌంటర్ దగ్గర తెల్లమొహం వేశామనీ చెప్పుకుంటారు. విరామంలో చేతిలో కాఫీ కప్పు ఉందా, సోడా ఉందా అని చూసి మనిషిని పోల్చుకోవచ్చు. చొక్కా మెడ దగ్గర, దేవాలయానికి వెళ్లినవాళ్లు లోపల వేసుకునే పవిత్ర వస్త్రం గార్మెంట్ అంచు కనిపిస్తోందా అని చూపు అటు పోతుంది. ఆ చూపును గమనించి ఇద్దరూ సర్దుకుంటారు. మన దగ్గర ఇంటిపేరు వినగానే కళ్లలో కదిలే లెక్క అలాంటిదే. చదువుకున్నవాళ్లమనీ, అన్నీ దాటి వచ్చామనీ అనుకున్నవాళ్లలోనూ ఆ లెక్క పోలేదని ఆ కారిడార్‌లో నిలబడితే తెలుస్తుంది.

వంటలు మాత్రం అందర్నీ కలుపుతాయి. చావు ఇంటికి పొరుగువాళ్లు వండి తెచ్చే చీజు బంగాళాదుంపల వంటకాన్ని ఫ్యూనరల్ పొటాటోస్ అంటారు. జెల్లో అనే తీపి జెల్లీని 2001లో యూటా రాష్ట్ర చిరుతిండిగా ప్రకటించారు. వాటి పేరు ఎత్తితే నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఒకే నవ్వు నవ్వుతారు. 1846లో అయోవా బురదదారుల్లో విలియం క్లేటన్ రాసిన కీర్తన వినిపిస్తే దేవుడు లేడని తేల్చుకున్నవాడు కూడా గొంతు కలుపుతాడు. దారిలో చచ్చిపోయినా సరే, అంతా బాగానే ఉంది అని పాడే పాట అది. ముత్తవ్వ దారిలో బిడ్డను పాతిపెట్టి నడిచిందని తెలిసినవాడికి ఆ పాట సిద్ధాంతం కాదు, ఇంటి సంగతి.

ఈ కూడికలకు లోపాలూ ఉన్నాయి, వాటిని దాచనక్కర్లేదు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, చదువుకున్నవాళ్లు, తరతరాలుగా మోర్మన్ నెత్తురున్నవాళ్లు. విశ్వాసులు జంకి రావడం తగ్గించిన కొద్దీ గదిలో తూకం ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు మిగిలిన ఒకరిద్దరు విశ్వాసుల మీద మొత్తం చర్చి తరఫున జవాబు చెప్పే భారం పడుతుంది. అది వాళ్లకు అన్యాయం. కోటీ డెబ్బై లక్షల చర్చి సభ్యుల్లో సగానికి పైగా అమెరికా బయటే ఉన్నారు. వాళ్ల గోడు ఆ మైకు దగ్గరికి చేరేది తక్కువ.

హైదరాబాదునే తీసుకోండి. సమోవాలో ఉండగా చర్చిలో చేరిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి బంధువులకు బోధించగా 22 మంది బాప్తిస్మం పొందారు. భారతదేశంలో మొట్టమొదటి స్టేక్ 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. మోర్మన్ గ్రంథం తెలుగులో ఉంది. అయినా హైదరాబాదు సభ్యుడికి చేతిబళ్లు లాగిన ముత్తాత లేడు, ఫ్యూనరల్ పొటాటోస్ లేవు. యూటాలో చర్చిని వదిలేటప్పుడు కుటుంబం చీలుతుంది. ఇక్కడ చర్చిలో చేరేటప్పుడే ఆ చీలిక వచ్చి ఉండవచ్చు. బంధువుల ఇంట్లో ఇచ్చిన టీ వద్దనడమే పెద్ద సంగతి ఇక్కడ. వదిలినవాడికి పట్టుకోవడానికి మోర్మన్ సంస్కృతి మిగలదు, తన పాత ఊరూ వాడా మిగులుతాయి. విశ్వాసం పోయినా జనం మిగులుతారన్న యూటా ఓదార్పు ఇక్కడికి యథాతథంగా సరిపోదు. ఇక్కడివాళ్లకు కావలసిన కూడిక వేరు. దాని భాష తెలుగే అయి ఉండాలి.

లవీనా ఫీల్డింగ్ ఆండర్సన్ వెలివేత తర్వాత సింపోజియాలకు వెళ్లడం మానలేదు. అంతకంటే ఆశ్చర్యం, తన వార్డుకు వెళ్లడమూ మానలేదు. ప్రతి ఆదివారం భర్త పక్కన అదే బెంచీ మీద కూర్చునేది. పాతికేళ్ల తర్వాత, 2019లో, ఆమెకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వాలని స్థానిక నాయకులు సిఫారసు చేశారు. ప్రథమ అధ్యక్షత్వం ఒప్పుకోలేదు. ఆమె 2023లో చనిపోయింది. మోర్మన్ కూడికలో రొట్టె ముక్కలు, నీళ్ల చిన్న కప్పులు ఉన్న పళ్లేన్ని వరస వెంట చేతులు మార్చుకుంటూ పంపుతారు. వెలివేతకు గురైనవాళ్లు అందులోంచి తీసుకోకూడదు. పళ్లెం తన దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క ముక్కా తీసుకోకుండా, రెండు చేతులా పట్టుకుని, పక్కవాళ్లకు అందించవచ్చు. ముప్ఫై ఏళ్ల పాటు ఆదివారాల్లో ఆమెకు మిగిలిన పని అది.